కాగితం వెనకవైపు చుక్కలు

కిందటి వారం కథను రేవు కార్యాలయంలో, పెద్దసారు గది తలుపు బయట ఆపాం. నూనె ఓడలు ఆగే జెట్టీ మీద పొగ లేచిందని అక్కడి కాపలా మనిషి ఫోనెత్తి ఫైర్ స్టేషన్ ఇమ్మంటే, ఆ ఫోను వెళ్లి గిడ్డంగి గుమాస్తా బల్ల మీద మోగింది. ఆయన తాపీగా “ఇక్కడ పొగా లేదు, మంటా లేదు, రాంగ్ నంబర్” అని పెట్టేశాడు. కాపలా మనిషే ఇసుక బకెట్లతో ఆర్పుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ ఫోను తప్పు కలిపింది ఎవరయ్యా అంటే, టెలిఫోను బోర్డు ముందు ఇన్నేళ్లుగా ఒక్క పొరపాటు కూడా చేయని వదిన. పుట్టినప్పటి నుంచీ ఆవిడకు చూపు లేదు. రేవులో ఉన్న ప్రతి ఫోను నంబరూ నాలుక చివర ఉండేది.

కొత్త ఎక్స్ఛేంజి పెట్టి నంబర్లన్నీ మార్చేశారు, అందుకే పాపం తడబడిందని అందరూ అనుకున్నారు. పెద్దసారూ అదే అనుకుని, “సోమవారానికి కొత్త నంబర్లు అప్పజెప్పగలిగితే సీట్లో ఉంటారు, లేకపోతే కవర్లు అంటించే గదికి మారుస్తాను” అని మొహం మీదే చెప్పాడు. తలుపు బయట నిలబడి ఇదంతా విన్నది కోడలు. అంటే వదిన తమ్ముడి భార్య. అదే ఆఫీసు పై అంతస్తులో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం ఆమెది. గబగబా మెట్లెక్కి కంప్యూటరు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

నిజం చెప్పుకోవాలంటే ఆ ఇద్దరికీ ఈ మధ్య బొత్తిగా పొసగడం లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో బాగానే ఉండేవారు. మధ్యాహ్నం భోజనం వేళకు కోడలి బల్ల మీద ఫోను మోగేది. “తిన్నావా?” అని వదిన గొంతు. “తిన్నాను వదినా” అంటే “ఏం తిన్నావు?” అని ఇంకో ప్రశ్న. అంతే, పెట్టేసేది. ఎవరైనా పెద్ద అధికారి లైనులో ఉన్నా సరే, ఆయన్ని ఒక నిమిషం ఆపి మరీ ఈ రెండు ముక్కలూ అడిగేదని ఆఫీసంతా చెప్పుకునేవారు. ఆ ఫోను ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు వంటింట్లోంచి పిలిస్తే పలకదు. భోజనాల దగ్గర పక్కన కూర్చుంటే కంచం తీసుకుని అటు చివరికి వెళ్లిపోతుంది. కోడలు భర్త దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంటే అతను “మా అక్క అంతేలే” అని చేతులు దులుపుకున్నాడు. అలాంటి మనిషి కోసం ఈ తాపత్రయం ఎందుకంటే, కోడలికి ఆ మధ్యాహ్నపు ఫోను మళ్లీ కావాలి. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

ఆ కంప్యూటరు గది గురించి ఇప్పటి పిల్లలకు చెబితే నవ్విపోతారు. బీరువాను అడ్డంగా పడుకోబెట్టినంత లైన్ ప్రింటరు ఉండేది అందులో. అది అక్షరం అక్షరం అచ్చు వేసే రకం కాదు. ఒక వరుస మొత్తం ఒక్క దెబ్బకు కొట్టి పారేసేది. మూత తీస్తే వాన రేకుల కప్పు మీద పడ్డట్టు ఒకటే మోత. పచ్చ చారల కాగితం, రెండు పక్కలా బెజ్జాలు. ఆఫీసులో పని చేసే ప్రతి ఇంట్లోనూ పిల్లల పుస్తకాలకు ఆ కాగితమే అట్ట. బెజ్జాల అంచులు చింపి దండలు గుచ్చుకోని ఆడపిల్ల ఆ ఊళ్లో లేదు. ఎంత పనికిమాలిన వస్తువైనా పోయాకే ముద్దొస్తుందేమో, ఆ మోత తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

ఆ ప్రింటరును కనిపెట్టుకుని ఉండే ఆపరేటరును అందరూ దండోరా బాబాయి అనేవారు. ఏళ్ల తరబడి ఆ మోత మీదుగా మాట్లాడీ మాట్లాడీ ఆయనకు గుసగుసలాడటం చేతకాకుండా పోయింది. రహస్యం చెప్పినా వీధి చివరికి వినపడాల్సిందే. కోడలు తన ఆలోచన చెప్పగానే ఆయన సైకిలు ట్యూబు ముక్క ఒకటి పొడుగ్గా కోసి పట్టుకొచ్చాడు.

ఆలోచన ఏమిటంటే, ప్రింటరులో అక్షరాలు ఒక పక్క, వాటి మీదకు కాగితాన్ని కొట్టే చిన్న చిన్న సుత్తులు ఇంకో పక్క ఉంటాయి. సుత్తులకూ కాగితానికీ మధ్య రబ్బరు పట్టీ బిగించి, ఫుల్‌స్టాపు చుక్క ఒక్కటే కొట్టిస్తే, ముందువైపు నల్ల చుక్క పడుతుంది, వెనకవైపు కాగితం బొడిపెలా లేస్తుంది. ఆ బొడిపెల్ని సరైన చోట్ల లేపితే అదే బ్రెయిలీ. వదిన వేళ్లతో చదువుకోవచ్చు. కొత్త నంబర్ల పుస్తకం కోడలి కంప్యూటరు టెర్మినల్లో, రాసుకునే ప్రోగ్రాం అయిన ఎడిటర్‌లో ఉండనే ఉంది. ఎడిటర్‌లో ప్రింటు అని కొడితే ప్రింటరు అక్షరాలకు బదులు చుక్కలు కొట్టాలి. చెప్పడానికి ఇంతే.

చేయడానికి కూర్చుంటే తల ప్రాణం తోకకొచ్చింది. అక్షరాల్ని చుక్కలుగా మార్చే చిన్న ప్రోగ్రాం రాయడం తేలికగానే అయిపోయింది. ఎడిటరు ప్రింటుకు పంపే ప్రతిదీ ముందు ఆ ప్రోగ్రాంలోకి వెళ్లి, అటునుంచి ప్రింటరుకు పోయేలా సెట్టింగు రాసి, ప్రింటు కొట్టింది. మొదటి వరుస బాగానే పడింది. రెండోది మొదటి వరుస ఎక్కడ ముగిసిందో అక్కడి నుంచి మొదలైంది, మూడోది ఇంకా పక్కకు. కాగితం మీద మెట్లు దిగుతున్నట్టు చుక్కలన్నీ కుడి అంచు దాకా దిగి బయటికి పోయాయి.

“అమ్మాయ్, ఇది నంబర్ల పుస్తకమా, బావిలోకి మెట్లా?” అని అరిచాడు దండోరా బాబాయి.

“ప్రోగ్రాం ప్రింటరును కింది వరుసకు దిగమని చెబుతోంది బాబాయ్, మొదటికి వెనక్కి రమ్మని చెప్పడం లేదు” అని కోడలు ఆ రెండో ముక్క కూడా అందులో చేర్చింది.

ఈసారి మెట్లు పోయాయి గానీ, ప్రతి పేజీ నెత్తిన ఎడిటరు తనంతట తాను ఫైలు పేరూ పేజీ నంబరూ అచ్చక్షరాలలో తగిలించింది. పిలవని పేరంటానికి వచ్చినట్టు దిగబడిన ఆ వరుసను తీసేయించింది. తర్వాత పొడుగు వరుసల్ని ఎడిటరు మధ్యలో విరిచి కింద పడేసింది. చుక్కల వరుస విరిగితే అక్షరం తల ఒక చోట, మొండెం ఒక చోట. ప్రింటరు వెడల్పు ఎంతో ఎడిటరుకు చెప్పి అదీ సర్దింది. బాబాయి వరుసల మధ్య ఎడం తగ్గించే మీట నొక్కాడు. చుక్కలు దగ్గరయ్యాయి. చివరికి ఒక పేజీ బయటికి వచ్చింది. కోడలు బ్రెయిలీ పట్టిక పక్కన పెట్టుకుని నల్ల చుక్కలన్నీ ఒక్కొక్కటే సరిచూసుకుంది. తప్పు లేదు. సంతోషం పట్టలేక కుర్చీలో ఒక చుట్టు గిర్రున తిరిగింది.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. గోడ మీద ఒక చెయ్యి ఆనించి వదిన నిలబడి ఉంది.

“ఎవరి కోసం ఈ మోత?”

“నేను చెప్పలేదమ్మా!” అన్నాడు దండోరా బాబాయి, అడక్కముందే.

“మీరు ఎవరికీ చెప్పకపోయినా కింద అంతస్తు దాకా అందరికీ తెలుసు బాబాయిగారూ.” వదిన లోపలికి వచ్చింది. “అమ్మాయ్, నా కోసమేనా ఇదంతా? నన్ను ఒక్క మాట అడిగావా?”

“అడిగితే వద్దంటారని...”

“వద్దంటానని తెలిసీ చేశావన్నమాట. ఆ నంబర్లు నాకు రావని నువ్వూ అనుకుంటున్నావు.”

“అలా కాదు వదినా.”

“మరెలా? ఆఫీసులో గుడ్డిదానికి సాయం, ఇంట్లో గుడ్డిదానికి సాయం. ఇంకా నయం, చెయ్యి పట్టుకుని బోర్డు మీద నా వేలు నువ్వే పెడతాననలేదు.”

కోడలు రెక్కలు ముక్కలు చేసుకున్న పని అంతా ఒక్క మాటతో బూడిదలో పోసిన పన్నీరు అయింది. అయినా పౌరుషం ఎక్కడికి పోతుంది, కాగితం చింపి వదిన చేతిలో పెట్టింది. “చదివి చూడండి. బాగా లేకపోతే చింపేయండి. ఇంకెప్పుడూ మీ జోలికి రాను.”

వదిన కాగితం తిప్పి, బొడిపెలు ఉన్న వైపు పైకి పెట్టి, చూపుడు వేలు ఆనించింది. వేలు ఎడమ నుంచి కుడికి పోయింది, మళ్లీ వెనక్కి వచ్చింది. కనుబొమలు ముడిపడ్డాయి.

“ఏంటే ఇది? చొక్కా తిరగేసి తొడిగినట్టుంది!”

“అయ్యో, ఒక్కొక్క చుక్కా సరిచూశాను వదినా!”

“ఏ వైపు చూశావు?”

“ముందువైపు. కనిపించే వైపు.”

“కనిపించే వైపుతో నాకేం పనే?”

దండోరా బాబాయి నెత్తి కొట్టుకున్నాడు. కాగితం తిప్పితే ఎడమది కుడికి వస్తుంది, కుడిది ఎడమకు పోతుంది. కళ్లున్న ఇద్దరు మనుషులు పొద్దుటి నుంచీ కళ్లతో చూస్తూ చేసిన తప్పు. చదవబోయే మనిషి కాగితాన్ని అవతలి వైపు నుంచి పట్టుకుంటుందన్న సంగతి ఇద్దరిలో ఒక్కరికైనా తట్టలేదు. ముందు వదినకు నవ్వొచ్చింది. ఆపుకుందామని పెదవి కొరుక్కుంది గానీ ఆగలేదు. ఆ నవ్వు చూసి కోడలికీ నవ్వొచ్చింది, బాబాయి నవ్వు ఇక చెప్పనక్కర్లేదు. ఎన్నాళ్లయిందో ఆ ఇద్దరూ ఒక చోట నవ్వి.

కోడలు మళ్లీ కూర్చుంది. ప్రతి వరుసనూ చివరి నుంచి మొదటికి తిప్పి పంపాలి. పొట్టి వరుసలకు ముందుగా ఖాళీలు నింపి అన్నిటినీ ఒకే పొడుగు చేయాలి, లేకపోతే తిప్పాక ఒకదాని కింద ఒకటి రావు. ఆ రెండూ రాసి, ఎడిటర్ సెట్టింగులో చేర్చి, ప్రింటు కొట్టింది. ముందువైపు చూస్తే అంతా పిచ్చి చుక్కలు. వదిన వేలు మాత్రం ఈసారి ఆగకుండా పోయింది.

“పైలట్ ఆఫీసు... తూకం కాటా... ఫైర్ స్టేషన్.” ఆ చివరి మాట దగ్గర వేలు ఒక్క క్షణం నిలిచింది. “అక్షరాలు కాస్త సాగాయి. ఫరవాలేదు, పొడుగు మనుషుల్లా ఉన్నాయి. చదువుకోవచ్చు.”

“మొత్తం కొట్టిస్తాను! మందం కాగితం స్టోర్‌లో ఉంది, తెస్తానుండండి!” అని దండోరా బాబాయి చెప్పులు టపటపలాడించుకుంటూ పోయాడు.

ప్రింటరు తన మానాన తాను మిగతా పేజీలు కొడుతూ ఉంది. వదిన దానికి కుడి భుజం ఆనుకునేంత దగ్గరగా కుర్చీ వేయించుకుని కూర్చుని, బయటికి వచ్చే కాగితాన్ని చేతుల్లోకి తీసుకుంటోంది. పాత బోర్డు సంగతి ఎత్తింది. తీగలూ పిన్నులూ ఉండేవట, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చేత్తో తడిమితే తెలిసేదట. “తుఫాను రోజున రేవంతా నా రెండు చేతుల మధ్యే ఉండేదే. ఏ పిన్ను ఎక్కడుందో, ఏ ఓడ ఎక్కడుందో. ఇప్పుడు అన్నీ మీటలు. నొక్కితే పోయిందో లేదో కూడా తెలియదు” అంది. ఆ గొంతులో ఉన్న బెంగకు కోడలి మనసు కరిగిపోయింది.

అంతలో ఫోను మోగింది. వదిన ఎడమ చేతి పక్కన, బల్ల మీదే ఉంది అది. ఆ మోతలో కూడా కోడలికి స్పష్టంగా వినపడింది. వదినే ఎత్తుతుందిలే అనుకుంది. ఫోను మోగితే నిద్రలో కూడా చెయ్యి చాచే మనిషి. కానీ ఆవిడ కాగితం మడుచుకుంటూ తుఫాను కబుర్లు చెబుతూనే ఉంది. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

పలక్కపోవడం, కంచం తీసుకుని అటు చివరికి వెళ్లిపోవడం, మధ్యాహ్నపు ఫోను ఆగిపోవడం, అన్నీ ఒక్కసారిగా కోడలి కళ్ల ముందు తిరిగాయి. లేచి వెళ్లి ప్రింటరు ఆపింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

“వదినా, ఇప్పుడు ఫోను మోగింది.”

వదిన చేతుల్లో కాగితం ఆగిపోయింది.

“ఏ చెవి?” అని అడిగింది కోడలు.

“ఎడమది.” వదిన గొంతు తగ్గించింది. “కొత్త బోర్డుకు ఇచ్చిన హెడ్‌సెట్ ఆ చెవికే పెట్టుకునేదాన్ని. వాడు ఫైర్ అన్నాడో, గిడ్డంగిని వేర్‌హౌస్ అన్నాడో... మళ్లీ అడగడానికి సిగ్గేసింది. నంబర్లు నాకు మొదటి వారంలోనే వచ్చేశాయే. తప్పు నంబర్లది కాదు.”

“కుడిది?”

“ఇప్పటికి బాగానే ఉంది. హెడ్‌సెట్ కూడా అటు మార్చుకున్నాను. డాక్టరు మాత్రం, అది కూడా దీని దారే పడుతుందన్నాడు. ఎప్పుడని అడిగితే చేతులు తిప్పాడట, పక్కనున్న నర్సు చెప్పింది.”

కోడలికి ఏడుపు ఆగలేదు. “నేను పిలిస్తే పలక్కపోతే పొగరనుకున్నాను వదినా. నేనంటే ఇష్టం లేదనుకున్నాను.”

“అనుకుంటావని తెలుసు. జాలి పడటం కంటే అదే నయమనిపించింది. తిన్నావా అని అడిగితే నువ్వేం చెబుతున్నావో వినపడటం మానేసింది. జవాబు వినకుండా అడగడం దేనికని ఊరుకున్నాను.” వదిన చేయి చాచి కోడలి మోచేయి వెతికి పట్టుకుంది. “ఇది ఎవరికీ చెప్పకు. మీ ఆయనకు కూడా. కళ్లు లేవని ఎవరూ నన్ను పక్కన పెట్టలేకపోయారు. చెవి కూడా పోయిందంటే ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెడతారు. నాకు భయంగా ఉందే. చీకటంటే నాకేమీ కాదు, నేను దాన్ని చూసింది కూడా లేదు. నిశ్శబ్దమంటేనే భయం.”

అంత గట్టి మనిషి భయమన్న మాట అనడం కోడలు ఎప్పుడూ వినలేదు. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

“ఒక పని చెయ్యి” అంది వదిన, ఉన్నట్టుండి. “నంబర్లు చాలు. అందులో ఒక మాట కొట్టు. ఏదైనా సరే. నాతో నోటితో చెప్పకుండా.”

కోడలు టెర్మినల్ ముందు కూర్చుంది. ఖాళీ ఫైలు తెరిచింది. ఏం కొట్టాలా అని వెతుక్కోనక్కర్లేకపోయింది. ప్రింటు నొక్కింది. ప్రింటరు ఒకే ఒక్క వరుస కొట్టి, మిగతా కాగితమంతా ఖాళీగా బయటికి తోసింది. వదిన దాన్ని చింపి, తిప్పి, వేలు ఆనించింది.

“తిన్నారా వదినా,” అని పైకి చదివింది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. “తిన్నానే. పెరుగన్నం. నువ్వు?”

కోడలు కొట్టింది. ప్రింటరు మోగింది. వదిన చదివింది. ఒక మాట, ఒక మోత, ఒక కాగితం. మాట్లాడుకోవడానికి అంత పెద్ద యంత్రం కావాల్సి వచ్చిందని నవ్వే వాళ్లు నవ్వుకోవచ్చు. ఆ ఇద్దరికీ మాత్రం చాలా రోజుల తర్వాత ఇంట్లో దీపం పెట్టినట్టు అయింది. వదిన ఆ కాగితాలను మడిచి ఒళ్లో పెట్టుకుంది. “చెవి పోయినా ఇది ఉంటుందన్నమాట” అంది తనలో తాను.

మళ్లీ ఫోను మోగింది. ఈసారి ప్రింటరు ఆగి ఉంది కాబట్టి వదినకు కూడా వినపడింది. ఎత్తబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. “నువ్వే ఎత్తు.”

అవతల పెద్దసారు. “అమ్మా, ఇందాకే చేశాను, ఎవరూ ఎత్తలేదు. పైవాళ్లు ఇవాళే జవాబు రాయమంటున్నారు, సోమవారం దాకా ఆగరట. మీ వదినగారిని ఆ సీట్లోంచి తీసేయడం నాకూ ఇష్టం లేదు. ఒక్క మాట చెప్పు. ఇంట్లో మనిషివి, నీకు తెలియకుండా ఉండదు. ఆ రోజు తప్పు నంబర్లు మారడం వల్లేనా, ఇంకేమైనా ఇబ్బంది ఉందా? నంబర్ల వల్లే అని నువ్వంటే నేను సంతకం పెట్టేస్తాను. ఇంకెవర్నీ అడగను.”

కోడలు రిసీవరును ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. అవునంటే వదిన సీటు నిలుస్తుంది. రేపు ఎప్పుడో కుడి చెవి కూడా చేతులెత్తేసిన రోజున, ఏ జెట్టీ మీదో ఎవరో అరుస్తూ ఫోనెత్తితే? కాదంటే ఇప్పుడే, ఈ గదిలోనే, వదినను తన చేత్తో మూల కుర్చీలో కూర్చోబెట్టినట్టు.

“లైన్లో ఉన్నావా అమ్మా?”

“ఉన్నాను సార్.”

రిసీవరులోంచి బయటికి వస్తున్న పెద్దసారు గొంతును వదిన గుర్తు పట్టింది. ఏం అడుగుతున్నాడో కూడా తెలిసినట్టే ఉంది. చెప్పొద్దని చేయి ఊపుతుందేమో, బతిమాలుతుందేమోనని కోడలు ఆవిడ మొహంలోకి చూసింది. వదిన ఒళ్లోని కాగితాలు జారిపోకుండా ఒక చేత్తో అదిమి పట్టుకుని, రెండో చేయి నెమ్మదిగా పైకెత్తి, వినపడే ఆ ఒక్క చెవినీ అరచేత్తో గట్టిగా మూసుకుంది.